స్ట్రోక్ వచ్చాక డీఎన్ఏ మిథైలేషన్‌ను అడ్డుకుంటే మెదడు దక్కుతుందా?

పోయిన ఏడాది పక్షవాతం వచ్చిన మీ నాన్నగారికి డీఎన్ఏ మిథైలేషన్‌ను, అంటే కణాల్లోని డీఎన్ఏకు మిథైల్ అనే చిన్న రసాయన గుంపులు అంటుకోవడాన్ని, అడ్డుకునే మందు పనికొస్తుందా అని అడిగారు. పనికిరాదు. చనిపోయిన మెదడు కణాలను ఆ మందు తిరిగి లేపలేదు. స్ట్రోక్ వచ్చిన వెంటనే, చావుబతుకుల్లో ఉన్న కణాలను నిలబెట్టడానికే దానిని పరీక్షించారు, అదీ ఎలుకల్లో.

2000లో వెలువడిన ఒక పరిశోధనలో చిట్టెలుకల మెదడు రక్తనాళాన్ని అరగంట మూసి తెరిచినప్పుడు, డీఎన్ఏకు మిథైల్ గుంపులు అంటుకోవడం పెరిగింది. ఆ పని చేసే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న ఎలుకలకూ, డెసిటాబిన్‌తో దానిని అణచిన ఎలుకలకూ మెదడు తక్కువగా దెబ్బతిన్నది. డెసిటాబిన్ ఎముక మజ్జ జబ్బులకు క్యాన్సర్ డాక్టర్లు వాడే మందే. రక్తకణాలను పడగొట్టే దానిని ముసలి షుగరు రోగికి ఎక్కించడానికి ఏ న్యూరాలజిస్టూ సాహసించడు. అయినా ఇలాంటి ఫలితం వచ్చిన ప్రతిసారీ మన పత్రికలు "పక్షవాతానికి చెక్" అని శీర్షిక పెట్టి, ఎలుకల సంగతి చివరి పేరాలో దాచిపెడతాయి.

ఎలుకకు రక్తనాళం ఎప్పుడు మూసుకుపోయిందో మూసినవాడికి నిమిషంతో సహా తెలుసు. మా పెద్దబాపు విషయంలో అది ఎవరికీ తెలియలేదు. పరకాల దగ్గర మా ఊళ్లో, కల్లంలో మిర్చి ఆరబోసిన రోజుల్లో, ఆయన తెల్లవారుజామున మంచం దిగబోయి కుడిచేయి లేవక కూలబడ్డాడు. మూతి ఒక పక్కకు పోయింది. ఆర్ఎంపీ వచ్చి నీరసమని సెలైన్ పెట్టాడు. పావురం రక్తం రుద్దితే నరాలు లేస్తాయని ఒకాయన పావురం కోసం బయలుదేరాడు. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తీసుకుపోయిన ట్రాలీ ఆటో తిరిగొచ్చేదాకా ఆగుదామన్నారే తప్ప, 108కు ఫోన్ చేయాలని ఎవరికీ తోచలేదు. హనుమకొండలో స్కాన్ తీశాక డాక్టరు మా పెద్దమ్మను అడిగిన మొదటి మాట, "ఆయన మంచిగ ఉన్నట్టు ఆఖరిసారి ఎప్పుడు చూసినవమ్మా?" రాత్రి అన్నం తిని పండుకున్నప్పుడని ఆమె చెప్పింది. నాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న నాలుగున్నర గంటల గడువును ఆ క్షణం నుంచే లెక్కపెడతారు కనుక, అది ఆయన నిద్రలో ఉండగానే దాటిపోయినట్టయింది. బీపీ మాత్రలు ఎప్పుడో మానేశాడన్న సంగతి కూడా మాకు అక్కడే తెలిసింది.

అందుకే మెదడును కాపాడే మందంటూ వస్తే, అది నాళం మూసుకుపోయినా చిట్లినా హాని చేయకుండా, స్కాన్‌కు ముందే 108లో ఇవ్వగలిగేదిగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. మెగ్నీషియంతో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో అంబులెన్సుల్లోనే ఆ ప్రయత్నం జరిగింది. ఎక్కువమందికి మొదటి గంటలోనే మందు అందినా, 2015లో వెలువడిన ఫలితాల్లో వైకల్యం తగ్గినట్టు కనిపించలేదు. మిథైలేషన్‌ను అడ్డుకునే మందు మనుషుల్లో అంతటి పరీక్షకు నిలబడేదాకా, దాని పేరు చెప్పి ఎవరైనా మీ దగ్గర డబ్బు అడిగితే ఇవ్వకండి.