పిల్లలకి చదివే పిచ్చి ఎలా పడుతుంది? మావాడికి తుపానులో పట్టింది

"మా పాపకి 6 ఏళ్లు, పుస్తకం చూస్తేనే పారిపోతోంది, ఏవి కొనమంటారు?" అని అడిగారు. ఏవీ కొనకండి. వారానికో కొత్త పుస్తకం తెచ్చి పోస్తే ఏ పిల్లా చదవదు. ఎవరేమన్నా ఈ మాట మీదే ఉంటాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మేం ఇటు పడ్డాం, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మూడో తరగతికి మావాడు ఒడియా గడగడా చదివేవాడు గానీ తెలుగులో అ ఆలు రావు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది! ఆగస్టు 29 వస్తే వాట్సాప్ నిండా ఆయన ఫొటోలే. పంపినవాళ్ల పిల్లల్లో ఎంతమందికి ఆ ఫొటో కింద రాసింది చదవడం వచ్చో మాత్రం అడక్కండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు చచ్చాయి. పెంకులు లేచిపోయి అటక మీద ట్రంకుపెట్టె తడిసింది. అందులో కాలం చేసిన మా మావగారి చందమామలు, వాటితోపాటు దాని ఒడియా అచ్చు జహ్నమాములు. ఉద్యోగానికి ఒడియా పరీక్ష ప్యాసవ్వాల్సొచ్చి, అవే బొమ్మలు అవే కథలు కదా అని, రెండూ పక్కపక్కన పెట్టుకుని నేర్చుకున్నారట ఆయన.

మా అత్తగారు వాటిని నులకమంచం మీద ఆరబెట్టి, గాలికి ఎగరకుండా వీణ్ణి కాపలా కూర్చోబెట్టారు. గంట తరవాత "మామ్మా, ఈ రాజు రెండిట్లోనూ శవాన్ని మోస్తన్నాడేటి?" అన్నాడు. బేతాళ కథ. ఒడియాది చదివేసి, తెలుగుదాని మీద వేలు పెట్టి ఏ మాట ఎక్కడుందో వెతకడం మొదలెట్టాడు. మామ్మ పూటకి నాలుగక్షరాలు చెప్పేది. మర్నాడు అట్ట మీది పేరు తనే చదివాడు: "చఠదమామ". ఒడియా ఠ మన సున్నాలాగే గుండ్రంగా ఉంటుంది మరి! ఆవిడ నవ్వి నవ్వి పొలమారింది. ఇప్పటికీ మా ఇంట్లో దాని పేరు చఠదమామే.

కిటుకేంటంటే, బేతాళ కథకి మొదటి పేరా ప్రతి నెలా ఒక్కటే ఉండేది. ఒకసారి కూడబలుక్కుని చదివితే పెట్టెలో ఉన్న సంచికలన్నిట్లోనూ అది వచ్చేసినట్టే. నాలుగో పుస్తకానికి వీడు అక్షరాలు చూడకుండానే అప్పజెబుతూ, తెలుగు వచ్చేసిందని ఇల్లంతా చాటాడు. ఆ పొగరే వాణ్ణి రెండో పేరాలోకి తోసింది. మేష్టర్లేమో కొత్త పాఠం, దాని వెనకే పది ప్రశ్నలు. నన్నడిగితే, కథయ్యాక ప్రశ్న వేసే హక్కు బేతాళుడికొక్కడికే ఉంది.

విశాఖలో మా ఆడపడుచు "ఒడిశాలో ఉండి తెలుగెందుకు వదినా?" అంటుంది. ఆవిడ పిల్లలు ఆంధ్రాలో ఉండి బస్సు బోర్డు చదవలేరు. పాతపట్నం వెళ్లి కథల పుస్తకాలున్నాయా అంటే కొట్టువాడు "ఏ క్లాసు గైడండీ?" అన్నాడు. సరే, వదిలేయండి.

మీ పాప ఒకే పుస్తకం నలభైసార్లు తెస్తే నలభైసార్లూ చదివి పెట్టండి. చిరిగినా పారేయకండి. మా సంచికల్లో ఒకదానికి చివరి పేజీలు తడిసి అట్టకి అంటుకుపోయాయి. బేతాళుడి ప్రశ్న దాకా ఉంది, రాజు జవాబు లేదు. ఆ నెల ఒడియాది పెట్టెలో దొరకలేదు. వాడికిప్పుడు 15 ఏళ్లు. నెట్‌లో వెతకరా అంటే వద్దంటాడు. వాడి జవాబు వాడిది, మామ్మ జవాబు మామ్మది. మొన్న సంక్రాంతికి అరిసెలు వత్తుతూ కూడా ఇద్దరికీ అదే తగువు.