ఆది జాకెట్టు పదిహేనేళ్ల నాటిదైతే…

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 47. మాది రాజమహేంద్రవరం. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. రెండేళ్లుగా నెలసరి క్రమం తప్పింది, 9 కిలోలు పెరిగాను. బుగ్గల మీద మంగు, మెడ చుట్టూ నలుపు వచ్చాయి. పాపట వెడల్పయింది. జుట్టుకు రంగు వేసుకుంటే నెత్తి దురద పెడుతోంది, పోయినసారి కళ్లు కూడా ఉబ్బాయి. మంగుకు తెలిసినావిడ చెప్పిన క్రీము 8 నెలలుగా రాస్తున్నాను. మొదట్లో ముఖం తేటపడింది. ఇప్పుడు రెండు రోజులు మానేస్తే ఎర్రబడి మండుతోంది. స్టిక్కర్ పెట్టుకునే చోట తెల్లమచ్చ పడింది. ఒకప్పుడు చీర కట్టాలంటే నన్ను చూసి నేర్చుకోమనేవారు. ఇప్పుడు ఒక్క జాకెట్టూ పట్టదు. పొట్ట కనిపించకుండా లంగా బొందు బిగించి కడుతున్నాను. శుభకార్యాలకు వెళ్లడం తగ్గించేశాను, వెళ్లినా ఫొటోల్లో వెనక నిలబడతాను. మూడు నెలల్లో మేనకోడలి పెళ్లి. ‘ఈ వయసులో ఈ సోకులెందుకు వదినా’ అంటుంది మా ఆడపడుచు. నాకూ సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను, మళ్లీ మునుపటిలా కనిపించాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ ఆడపడుచు గారి మాట సంగతి తేల్చేద్దాం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో సోకు అనదగ్గది ఒక్కటీ దొరకలేదు. రంగు వేసుకుంటే కళ్లు ఉబ్బడం అలర్జీ. మెడ చుట్టూ నలుపు, చాలామందిలో, షుగరు పరీక్ష చేయించుకోమని ఒళ్లు పంపే కబురు. క్రీము మానితే ముఖం మండడం ఆ క్రీము చేసిన గాయం. ఇవన్నీ చర్మ వైద్యుల దగ్గరకు రోజూ వచ్చేవే. వచ్చినవాళ్లలో సగం మంది మీలాగే ‘ఈ వయసులో అడగడానికి సిగ్గుగా ఉంది’ అంటూ మొదలుపెడతారు. పంటి నొప్పికి లేని సిగ్గు ముఖానికి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అన్నిటికంటే తొందరగా చూడాల్సింది క్రీము. మీరు పేరు రాయలేదు. రాసినా నేను ఇక్కడ చెప్పను, ఎందుకంటే పేర్లు పదుల సంఖ్యలో ఉన్నాయి, లోపలి సరుకు మాత్రం దాదాపు ఒకటే. మొదట ముఖం తేటపడడం, తర్వాత మానితే ఎర్రబడి మండడం, మళ్లీ రాస్తే చల్లబడడం... ఈ వరస వినగానే మాకు స్టిరాయిడ్ గుర్తొస్తుంది. మంగుకు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టిరాయిడ్ కలిపిన క్రీమును మేమూ చీటీలో రాస్తాం. కొన్ని వారాల గడువు పెట్టి, మధ్యలో చూస్తూ రాస్తాం. అదే మందును ఫేస్ క్రీములా నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు తేలుతాయి, మొటిమలు వస్తాయి, గడ్డం కింద నూగు పెరుగుతుంది. చివరికి మంగు మునుపటికంటే ముదురుతుంది. ఇలాంటి క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. నిబంధన ఒక దారిన పోతుంది, క్రీము పక్కింటి దారిన వస్తుంది.

రేపు ఉదయమే ఒక్కసారిగా ఆపేయమని మాత్రం చెప్పను. 8 నెలలు అలవాటుపడిన చర్మం ఎదురు తిరుగుతుంది. ఆ మంటకు భయపడే చాలామంది మళ్లీ ఆ క్రీము దగ్గరకే వెళతారు. ఈ వారంలోనే చర్మ వైద్యులను కలవండి. మోతాదు తగ్గిస్తూ, మంటకు వేరే మందులిస్తూ మాన్పిస్తారు. ముఖం కుదుటపడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పెళ్లి నాటికి పూర్తిగా బాగవుతుందని మాటివ్వలేను.

డబ్బా మీద ఏ వివరాలూ లేని క్రీమైతే ఇంకో అనుమానం కూడా ఉంది, పాదరసం. తెలుపు తెస్తాయని అమ్మే కొన్ని క్రీముల్లో అది ఉంటుంది, చర్మం గుండా ఒంట్లోకి వెళ్లి కిడ్నీలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారిలో కిడ్నీ జబ్బు బయటపడింది. అందుకే మూత్ర పరీక్ష ఒకటి చేయించండి. మూత్రంలో నురగ, కాళ్ల వాపు ఉంటే ఆ క్రీమును ఆ క్షణమే పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మంగు. మన వాళ్లు ఏలినాటి శనిలో ‘మంగు శని’ అని ఒకటి చెబుతారు. మీ బుగ్గలకు ఆ శని ఏమీ పట్టలేదు. ఎండ, హార్మోన్లు, వంశం, ఈ మూడూ కలిసి తెచ్చేదే మంగు. ఎండను ఆపకుండా ఏ మందు రాసినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలంత తీసుకుని ముఖానికీ మెడకూ రాయండి. బఠాణీ గింజంత రాసి పని చేయలేదనేవాళ్లే ఎక్కువ. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగు ఉన్నవారికి లేత గోధుమ రంగు కలిపిన సన్‌స్క్రీన్ మేలు. అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా కొంత అడ్డుకుంటుంది. పైగా మచ్చలూ కనబడవు. మంగుకు మాత్రలు కూడా ఉన్నాయి కానీ రక్తం గడ్డకట్టే తత్వం ఉన్నవారికి అవి పనికిరావు, అడగకుండా కొనకండి.

మెడ నలుపును దయచేసి పీచుతో రుద్దకండి. అది మురికి కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు మెడ, చంకల దగ్గర చర్మం ఇలా మందమై నల్లబడుతుంది. రుద్దితే ఇంకా మందమవుతుంది. పరగడుపు షుగరు, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ చూపించుకోండి. బరువు కొంత తగ్గితే ఆ నలుపు దానంతటదే పలచబడడం చూస్తుంటాం.

నుదుటి మచ్చకు కారణం చాలావరకు స్టిక్కర్ జిగురు. కొన్ని జిగుర్లలో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం చర్మానికి రంగునిచ్చే కణాలను చంపుతుంది. స్టిక్కర్ మానాలి. బ్రాండు మార్చి చూస్తానంటారు, వద్దు. కొన్నాళ్లు ఆ చోటు ఖాళీగా వదలండి. బొట్టు లేకుండా ఎలా అని ఇంట్లో అంటే నా పేరు చెప్పండి. మచ్చ పెద్దదవుతున్నా, వేరే చోట్ల మచ్చలు కనిపించినా అది బొల్లి కావచ్చు, పరీక్ష చేసి చెప్పాలి.

జుట్టు రంగు విషయంలో కాస్త గట్టిగానే చెబుతాను: మీరు ఇక నల్లరంగు వేసుకోకూడదు. ఆ రంగుల్లో ఉండే పారా ఫినిలిన్ డయమైన్, పొట్టిగా పీపీడీ, ఒకసారి పడలేదంటే ఆ ఒంటికి జన్మలో పడదు. ఈసారి కళ్లు ఉబ్బాయి, వచ్చేసారి ముఖమంతా ఉబ్బి నీరు కారవచ్చు. ‘నల్ల గోరింట’, ‘హెర్బల్’ అని రాసి ఉన్న చాలావాటిలోనూ అదే కలుపుతారు. అసలైన గోరింటాకు ఎర్రగా పండుతుంది కానీ నల్లగా ఎప్పుడూ పండదు, అదే గుర్తు. పీపీడీ లేదని చెప్పే రంగుల్లో వాడే దాని చుట్టం లాంటి రసాయనం కూడా కొందరికి పడదు. చర్మం మీద కొద్దిగా అంటించి పడుతుందో లేదో చూసే ప్యాచ్ టెస్ట్ చేయించుకోకుండా దేన్నీ తలకు పెట్టవద్దు.

అప్పుడు నెరసిన జుట్టుతో ఎలా అంటారు. నేనూ యాభై దాటినదాన్నే, నాలుగేళ్ల కిందట రంగు మానేశాను. మొదటి ఆరు నెలలు కష్టం. తల సగం నలుపు, సగం తెలుపు, ఎదురైన ప్రతివాళ్లూ ‘ఒంట్లో బాగా లేదా’ అని అడిగేవారు. జుట్టు భుజాల దాకా కత్తిరించేశాక ఆ ప్రశ్నలు ఆగాయి. మీ విషయంలో పొట్టిగా కత్తిరించుకోవడం ఇంకో పనికీ వస్తుంది. పలచబడిన జుట్టు పొడుగ్గా ఉంటే ఇంకా పలచగా కనిపిస్తుంది, కురచగా ఉంటే ఒత్తుగా అనిపిస్తుంది. ముప్పై ఏళ్లుగా తీసిన చోటే పాపట తీయడం మానండి, ఒక వేలెడు పక్కకు జరపండి. పెళ్లికి బరువైన సవరం, దాని మీద మూరల కొద్దీ పూలు పెట్టి బిగించి జడ వేయించుకుంటే నుదుటి దగ్గర ఉన్న జుట్టూ ఊడుతుంది.

ఈ వయసులో పాపట వెడల్పవడం ఎక్కువగా వంశం, హార్మోన్ల వల్ల. దానితోపాటు రక్తహీనత, ఐరన్ నిల్వలు తగ్గడం, థైరాయిడ్ కూడా తోడవుతాయి. హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, విటమిన్ బీ12 చూడాలి. జుట్టుకని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే పరీక్షకు ముందు కొన్ని రోజులు ఆపండి, ఆ సంగతి డాక్టరుకూ చెప్పండి. థైరాయిడ్ ఫలితాన్ని అవి తారుమారు చేస్తాయి, లేని జబ్బును ఉన్నట్టు చూపిస్తాయి. జుట్టు పెరగడానికి తలకు రాసే మందు మినాక్సిడిల్ వాడితే మొదటి వారాల్లో జుట్టు ఇంకా రాలుతుంది, కంగారుపడి మానేయకండి. పనిచేసిందా లేదా అన్నది తెలియడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది.

నెలసరి గురించి నాలుగు మాటలే. మన దేశంలో చాలామందికి 46, 47 ఏళ్లకే నెలసరి ఆగిపోతుంది, మీది తొందరేమీ కాదు. ఈ దశలో కొవ్వు తొడల దగ్గర నుంచి పొట్ట మీదికి మారుతుంది. మునుపు తిన్నంతే తింటున్నా నడుము పెరగడం అందుకే, మీ తప్పు వెతుక్కోకండి. మన ఆడవాళ్లకు నడుము కొలత 80 సెంటీమీటర్ల లోపు ఉంటే మంచిది. నడకతోపాటు వారానికి రెండు మూడు రోజులు కండరాలకు పని పెట్టే వ్యాయామం చేయాలి. రోజూ పప్పు, గుడ్డు, పెరుగు తినాలి. పెళ్లి మూడు నెలల్లో ఉందని పస్తులుండి బరువు దించారో, దించిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలుతుంది. సరిగ్గా పెళ్లి రోజుకే. రక్తం మరీ ఎక్కువగా పోతున్నా, ఏడాది పాటు ఆగి మళ్లీ కనిపించినా స్త్రీల వైద్యులను కలవాలి.

లంగా బొందు బిగించి కడుతున్నానన్నారు. నడుము చుట్టూ నల్లటి గాడి పడిందేమో అద్దంలో చూసుకోండి. ఏళ్ల తరబడి అదే చోట ఒరుసుకుని, పుండు పడి, మానకుండా ఉండిపోతే అరుదుగా క్యాన్సర్‌గా మారుతుంది. మహారాష్ట్ర, బిహార్ వైద్యులు 2024లో అలాంటి ఇద్దరు మహిళల గురించి రాశారు. భయపడాల్సినంత తరచుగా వచ్చేది కాదు కానీ, మానని పుండును నిర్లక్ష్యం చేయకూడదు. సన్నటి బొందుకు బదులు వెడల్పాటి పట్టీ కుట్టించుకోండి. బొందు బిగిస్తే పొట్ట లోపలికి పోదు, బొందుకు పైన ఒకటి, కింద ఒకటిగా రెండవుతుంది.

ఇప్పుడు ‘మునుపటిలా’ అన్న మీ చివరి మాట దగ్గరకు వస్తాను. దానికి నా దగ్గర మందు లేదు. కానీ ఒక ప్రశ్న ఉంది: దర్జీకి మీరిచ్చే ఆది జాకెట్టు ఎప్పటిది? నా దగ్గరకు వచ్చేవాళ్లను ఇది అడుగుతుంటాను. పదేళ్ల నాటిదని ఒకరు, పెద్దపిల్ల పుట్టినప్పటిదని ఇంకొకరు అంటారు. దర్జీ దాని ప్రకారమే కుడతాడు, అది బిగుతవుతుంది, వీళ్లు తమ ఒంటిని తిట్టుకుంటారు. తప్పు ఆదిలో ఉందని ఎవరికీ తట్టదు. ఈ వారం కొత్తగా కొలతలు ఇవ్వండి. దానికంటే ముందు లోపలి బాడీ సైజు సరిచూసుకోండి, అది పాత సైజుదైతే పైన ఏ జాకెట్టూ కుదరదు. బీరువా మొత్తం మార్చనక్కర్లేదు. పాతవాటిలో దర్జీ లోపల వదిలిన గుడ్డ ఉంటుంది, కుట్లు విప్పితే ఒకటి రెండు అంగుళాలు వస్తాయి. అలా వదులు చేసినవి నాలుగు, కొత్తవి రెండు చాలు. ఒళ్లంతా ఆవిర్లు వస్తుంటే బడికి మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు కట్టండి. పెళ్లికి కావాలంటే మీకు దగ్గర్లోనే ఉప్పాడ ఉంది, తేలికగా ఉంటుంది, ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. కట్టు మీకు వచ్చిన విద్యే, అదెక్కడికీ పోలేదు.

ఫొటోల గురించి ఒక్కమాట. ఫోనును చేతిలో దగ్గరగా పట్టుకుని తీస్తే ముక్కు పెద్దదిగా, ముఖం వెడల్పుగా వస్తుంది. అది దగ్గరతనం చేసే మోసం. నాలుగడుగుల దూరం నుంచి తీయమనండి. పైగా మనకు అలవాటైన ముఖం అద్దంలోది, కుడి ఎడమలు తారుమారైనది. అందుకే ఫొటోలో మన ముఖం మనకే కొత్తగా తోస్తుంది, పక్కవాళ్లకు మాత్రం అది రోజూ చూసే ముఖమే.

మీరు రాయనిది ఒకటి అడగాలి. నిద్ర ఎలా ఉంది? పిల్లలకు లెక్కలు చెప్పడం ఇదివరకటిలా నచ్చుతోందా? రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, కారణం లేని ఏడుపు ఉంటే అది అందం గురించిన బాధ మాత్రమే కాదు. నెలసరి ఆగే దశలో డిప్రెషన్ రావడం ఎక్కువ, దానికి వైద్యం ఉంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

పెళ్లికి ముందు రెండు వారాల్లో బ్లీచ్, ఫేషియల్, కొత్త క్రీము ఏదీ ముట్టుకోకండి. మీ చర్మం ఇప్పుడు ఏ కొత్తదాన్నీ తట్టుకునే స్థితిలో లేదు. ఆ రోజు రంగు కలిపిన సన్‌స్క్రీన్, కాటుక, లిప్‌స్టిక్ చాలు.

ఈ ఉత్తరం చదివి ఆ క్రీము డబ్బాను కోపంతో చెత్తబుట్టలో వేస్తారేమో, వేయకండి. దాన్ని, వాడుతున్న జుట్టు రంగు పెట్టెను, ఒక స్టిక్కర్ అట్టను సంచిలో పెట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. వాటి వెనక అచ్చువేసిన చిన్న అక్షరాలు చదివితే మాకు సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.