ఇంటి నుంచి జర్నల్ వ్యాసాలు తెరవడం గురించి

నమస్కారం. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న మీరు, ఇంటి నుంచి జర్నల్ వ్యాసం తెరవబోతే వెబ్‌సైట్ ప్రతిసారీ డబ్బు అడుగుతోందని రాశారు. దయచేసి చెల్లించకండి. 2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిశోధకులకు ఉచితంగా అందుతున్నాయి. అయితే క్యాంపస్ వెలుపల ఉన్నప్పుడు మిమ్మల్ని గుర్తించడానికి లాగిన్ అవసరం కనుక, మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇన్‌ఫెడ్ ఖాతా (బయటి నుంచి జర్నళ్లు తెరవడానికి వాడే లాగిన్) అడిగి తీసుకుని, ప్రచురణకర్త పేజీలో సంస్థ ద్వారా ప్రవేశించే మార్గాన్ని ఎంచుకోండి. అక్కడా దొరకని వ్యాసం వివరాలను డీఓఐ సంఖ్యతో (ప్రతి వ్యాసానికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) సహా గ్రంథాలయాధికారికి రాస్తే, మరో గ్రంథాలయం నుంచి తెప్పించే వీలుంటుంది. ఈ సాయం అడగడానికి చాలామంది మొహమాటపడతారు, మీరు మాత్రం పడకండి. మీ అంశంపై ఇదివరకు వచ్చిన సిద్ధాంత గ్రంథాలను భారతీయ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో వెతకండి.