ఈఎఫ్ 60 ఉన్నా హార్ట్ ఫెయిల్యూర్ అంటారా?

మీ అమ్మగారి టూడీ ఎకోలో (గుండె స్కానింగ్‌లో) ఈఎఫ్ నార్మల్‌గా 60 శాతం వచ్చినా డాక్టర్ హార్ట్ ఫెయిల్యూర్ (గుండె సరిగా పనిచేయలేకపోవడం) అన్నారు, రిపోర్టు తప్పేమో అని అడిగారు కదండీ. తప్పు కానక్కర్లేదు. గుండె ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో ఎంత భాగం బయటికి నెడుతోందో, ఈఎఫ్ అంతవరకే చెబుతుంది. ఏళ్ల తరబడి బీపీ, షుగర్ ఉంటే గుండె కండరం బిరుసెక్కవచ్చు. అప్పుడు నెట్టడం బాగానే ఉంటుంది, సాగి నిండటమే కష్టం. ఆ ఒత్తిడి వెనక్కి ఊపిరితిత్తుల మీద పడి, మెట్లెక్కితే ఆయాసం.

రిపోర్టులో డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ (గుండె సాగి నిండటంలో లోపం) గ్రేడు, ఎడమ కర్ణిక (గుండె ఎడమ పై గది) సైజు, ఈ బై ఈ ప్రైమ్ (E/e', గుండె నిండేటప్పటి ఒత్తిడిని అంచనా వేసే అంకె) చూడండి. ఆ చివరిది 14 దాటితే అనుమానం బలపడుతుంది. గ్రేడ్ 1 ఒక్కటే ఉంటే కంగారు వద్దు, పెద్దవయసులో చాలామందికి ఉంటుంది. గుండె మీద ఒత్తిడిని తెలిపే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష అవసరమా అని డాక్టర్‌ని అడగండి. పడుకుంటే ఊపిరాడకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.