ఉగాదికి శ్రీశైలం నడిచిపోతున్న శీనుకు

నాయనా శీనూ,

ఉగాదికి బెంగళూరు ఫ్రెండ్స్‌తో కలిసి కర్నూలు నుంచి శ్రీశైలానికి నడిచిపోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చిన్నప్పుడు కన్నడ భక్తులు గుంపులు గుంపులుగా మన వీధిలో పోతుంటే, వాళ్లకు మజ్జిగ పోస్తానని చెంబు పట్టుకుని ఉరికేవాడివి. ఇప్పుడు నీకే ఎవరో ఒకరు మజ్జిగ పోస్తారన్నమాట. సంతోషమే. కానీ ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఆస్పత్రి డ్యూటీలు చేసినదాన్ని కదా, మల్లన్న కంటే ముందు కిడ్నీలు ఎట్లా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష గుర్తొస్తుంది.

అందరూ చెప్పేవి గబగబా చెప్పేస్తా. కొత్త బూట్లు వద్దు. తెల్లారకముందే బయల్దేరు, ఎండ ముదిరితే నీడ చూసుకుని ఆగు. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టాక గుంపును వదలొద్దు.

జిమ్ చేస్తున్నా కదా పెద్దమ్మా అంటావు, తెలుసు. ఏసీ గదిలో బరువులెత్తిన ఒళ్లు వేరు, మన ఎండకు అలవాటు పడిన ఒళ్లు వేరు. అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. రేపటి నుంచే రోజూ కాసేపు ఎండలో నడువు.

మీ చిన్నమామ సంగతి నీకు సగమే తెలుసు. మీ అమ్మకు చెప్పడం ఇష్టం ఉండదు. కబడ్డీ ఆడే మనిషి, బీపీ లేదు, షుగర్ లేదు, జ్వరమొచ్చి పడుకున్నది కూడా ఎవరూ చూడలేదు. ఇదే దారిలో పోయినాడు. నాగలూటి మెట్లు ఎక్కేసరికి మోకాళ్లు పట్టేసినాయంట. భీముని కొలను దగ్గర దిగుడు ఇంకా కష్టం. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే కండరాలు ఎక్కువ దెబ్బతింటాయి. పక్కనున్నోడు జేబులోంచి డైక్లోఫెనాక్ షీటు తీసి ఇస్తే, నొప్పి వచ్చినప్పుడల్లా ఒకటి మింగుతూ పోయినాడు. నీళ్లు మాత్రం సరిగా తాగలేదు.

ఇల్లు చేరేసరికి పిక్కలు ముట్టుకోనియ్యలేదు. వాంతులు. పైత్యమని మీ జేజి నిమ్మరసం ఇచ్చింది. ఒక చిన్న ఆస్పత్రిలో ఒళ్లునొప్పులని చెబితే ఇంకో నొప్పి ఇంజెక్షన్ పొడిచినారు. మూత్రం నల్లగా వస్తోందని వాడు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. నేను బలవంతంగా బాటిల్లో పట్టించి కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే, పాలు పోయని టీ డికాషన్ రంగు. కాసిన్నే వచ్చింది. ల్యాబ్‌లో స్ట్రిప్ ముంచితే రక్తం ఉన్నట్టు రంగు మారింది. మైక్రోస్కోప్ కింద పెడితే ‘ఎర్ర కణాలు కనపడట్లేదు సిస్టర్’ అన్నాడు ఆ అబ్బాయి. నాకు కాళ్లు ఆడలేదు. అది రక్తం కాదు, చితికిన కండరాల్లోంచి కారిన మయోగ్లోబిన్ అనే ప్రోటీన్. అది కిడ్నీలకు అడ్డం పడుతుంది. దాంతోపాటు కండరాల్లోని పొటాషియం కూడా రక్తంలోకి వస్తుంది. 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సిన పొటాషియం అంతకు మించి బాగా పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అందుకే డాక్టర్ వాడికి ముందు ఈసీజీ తీయించినాడు. తర్వాత డయాలసిస్. దేవుడి దయ, కిడ్నీలు మళ్లీ తేరుకున్నాయి. ఇప్పుడు చూడు, పెళ్లిళ్లలో వడ్డన వాడిదే.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తనకు రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచుకోవడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు చేసుకుంటుంది. ఈ నొప్పి మాత్రలు ఆపేది సరిగ్గా వాటినే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసెక్లోఫెనాక్ అన్నీ ఒక తాను గుడ్డలే. ఒక్క షీటు కూడా నీ బ్యాగులో కనపడకూడదు. మొహమాటపడి ఎవరిదగ్గరా తీసుకోవద్దు కూడా. నొప్పేస్తే ఆగు. ఆగినందుకు మల్లన్న ఏమీ అనుకోడు.

ఇది చదివి బిందెలు బిందెలు నీళ్లు తాగేవు, అదీ ప్రమాదమే. చెమటలో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లు అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. 135 కంటే తక్కువైతే లోటు. మరీ పడిపోతే మెదడు వాస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువుంది. ఎక్కువగా తాగి, పరుగులో బరువు పెరిగినవాళ్లలోనే అది ఎక్కువ. తలనొప్పి, వాంతి, తికమక మాటలు, చేతులు ఉబ్బి ఉంగరం బిగిసిపోవడం, ఇవీ సోడియం పడిపోయిన గుర్తులు. చూసేవాళ్లు ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పడతారు! అట్లా ఎవరికైనా అయితే నీళ్లు ఆపి, ఆస్పత్రికి తీసుకుపోండి. దాహమైనంత తాగు, చాలు. దారిలో పోసే ఉప్పు మజ్జిగ మంచిది. అన్నదానంలో ఊరగాయ వద్దనకు.

ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరుదైతే మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, సగం సగం కాదు. తియ్యగా ఉండే డబ్బా జ్యూస్ ఓఆర్ఎస్ కాదు. హైదరాబాద్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ ఏళ్ల తరబడి పోట్లాడితే, 2025లో ఆహార భద్రత సంస్థ అట్లాంటి వాటి మీద ఆ పేరు వాడొద్దంది. ప్యాకెట్లు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి. ఉప్పు ఎక్కువెయ్యొద్దు.

బయల్దేరే ముందురోజు ఇంటికి రా. ఫ్రెండ్స్‌ను కూడా తీసుకురా, ఉగ్గాని బజ్జీ చేస్తా. వాళ్ల బ్యాగులు కూడా వెతుకుతానని ముందే చెప్పు. శ్రీశైలం చేరాక ఫోన్ చేస్తే, దర్శనం సంగతి మీ అమ్మ అడుగుతుంది. నేను అడిగేది మూత్రం ఏ రంగులో వచ్చిందనే. పదిమందిలో ఉన్నా సిగ్గుపడకుండా చెప్పు.

మీ పెద్దమ్మ