రోజూ మీల్‌వార్మ్సేనా?

ప్రశ్న: మా లెపర్డ్ గెకోకి (పెంపుడు బల్లి) మొదటినుంచీ మీల్‌వార్మ్సే (ఒక రకం పెంకుపురుగు లార్వాలు, అంటే పిల్ల పురుగులు) వేస్తున్నాం. ఇప్పుడు కీచురాళ్లు వేస్తే మూతి తిప్పేసుకుంటోంది. అవొక్కటే సరిపోతాయా అండీ?

జవాబు: సరిపోవండీ. మీల్‌వార్మ్స్, కీచురాళ్లు, బొద్దింకలు అన్నింటిలోనూ కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ, అందుకే కాల్షియం పొడి అద్ది వేయకపోతే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాల్లో మాత్రం కాల్షియం బాగానే ఉంటుంది, వాటినీ కలపండి. వేసే ముందు ఒకరోజు పురుగులకి క్యారెట్, ఆకుకూరలు పెట్టండి, పస్తున్న పురుగులో మీ గెకోకి దక్కేది పెద్దగా ఉండదు. వ్యాక్స్‌వార్మ్స్ (ఒక రకం చిమ్మట లార్వాలు) అంటే కొవ్వు ముద్దలే, ఎప్పుడైనా ఒకటి చాలు. మొండికేసిందని టెన్షన్ వద్దు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద గెకో రెండు రోజులు తినకపోయినా ఏం కాదు. మిణుగురు పురుగులు మాత్రం ఒక్కటి కూడా వేయకండి, అవి విషం.