ఒక్క ఫోటోకి మూడు ఎర్రర్లు వస్తే ఉబుంటు తప్పేం లేదు

విజయనగరంలో ఫోటో స్టూడియో, ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే లినక్స్) డెస్క్‌టాప్, ఫోటోలను ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసే చిన్న స్క్రిప్ట్ (కమాండ్లు రాసిన ఫైల్). "సిరిమానోత్సవం అంజలి రథం.జేపీజీ" కళ్ళ ముందే ఉన్నా "నో సచ్ ఫైల్" అని మూడుసార్లు వస్తోంది, డబుల్ కోట్స్ పెట్టినా అంతే, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు. అక్కర్లేదండీ. కమాండ్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే.

జవాబు ఆ మూడులోనే ఉంది. పేరులో రెండు స్పేసులున్నాయి, అంటే మూడు ముక్కలు. కాపీ చేసే కమాండ్ సీపీ, అది మొత్తం ఫైల్ పేరుని చూడనే లేదు. షెల్ (మీ కమాండ్లని చదివి నడిపే ప్రోగ్రాం) తుంచి ఇచ్చిన ముక్కల్ని ఒక్కొక్కటిగా వెతికి, లేవని చెప్పింది. మరి కోట్స్ ఎందుకు పనిచేయలేదు? మీ లూప్ (ఒక్కో ఫైల్‌కీ అదే పని మళ్ళీ చేయించే భాగం) "ఫర్ ఎఫ్ ఇన్ $(ఎల్‌ఎస్ *.జేపీజీ)" అని ఉంది. ఎల్‌ఎస్ ఇచ్చిన ఫైళ్ళ జాబితాని షెల్ స్పేసుల దగ్గర తుంచుతుంది, పేరు తెగేది అక్కడే. తర్వాత సీపీ దగ్గర "$ఎఫ్" అని ఎంత జాగ్రత్తగా కోట్ చేసినా అప్పటికే తెగిపోయిన ముక్కకే కోట్ పడుతుంది. ఎల్‌ఎస్ తీసేసి "ఫర్ ఎఫ్ ఇన్ *.జేపీజీ" అని నేరుగా రాయండి. స్టార్ విస్తరించాక వచ్చిన పేర్లను షెల్ మళ్ళీ తుంచదు. లోపల సీపీ -- "$ఎఫ్" అని, దాని తర్వాత గమ్యం ఫోల్డర్ పేరు రాయండి. ఆ రెండు గీతలు ఎందుకంటే, పేరు గీతతో మొదలైన ఫైల్ ఒక్కటి ఉన్నా సీపీ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది.

నమ్మకం కుదరకపోతే సీపీ అన్న చోట ప్రింట్‌ఎఫ్ '<%ఎస్>\ఎన్' పెట్టి నడపండి. ఒక్కో ఆర్గ్యుమెంట్ (కమాండ్‌కి అందే ముక్క) ఒక్కో లైన్లో, యాంగిల్ బ్రాకెట్ల మధ్య వస్తుంది. ప్రోగ్రాంకి నిజంగా ఏం అందుతోందో ఇదే చూపిస్తుంది. ఇది చూడకుండా "సుడో పెట్టి చూడు" అని, అంటే రూట్ అనే అడ్మిన్ అధికారంతో నడపమని సలహా ఇచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. తెగిన పేరు రూట్‌కి అందినా తెగిన పేరే కదా! పైగా డిస్క్ లినక్స్ ఫార్మాట్‌లో ఉంటే, అలా కాపీ అయిన ఫైళ్ళు రూట్ సొంతమై, రేపు మీరే వాటిని మార్చలేరు.

ఇంకో తలనొప్పి వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో వచ్చిన కమాండ్‌ని పేస్ట్ చేయడం. నిటారు కోట్స్ వంకర కోట్స్‌గా, రెండు గీతలు ఒక పొడుగు గీతగా మారిపోయి ఉండొచ్చు. షెల్‌కి వంకర కోట్ మామూలు అక్షరమే, 'క' ఎంతో అదీ అంతే. కోట్స్‌నీ గీతల్నీ చేత్తో మళ్ళీ కొట్టండి. స్క్రిప్ట్‌ని విండోస్‌లో సేవ్ చేసి ఉంటే లైన్ చివర క్యారేజ్ రిటర్న్ అనే కనిపించని గుర్తు చేరి, ఆఖరి ఆర్గ్యుమెంట్‌కి అంటుకుంటుంది. దానికి, ఆ గుర్తుని తీసేసే డాస్2యునిక్స్ ఒకసారి నడిపితే చాలు.

తెలుగు పేర్లతో ఇంకో చిక్కుంది. "ఆల్బమ్" లాంటి పొల్లుతో ముగిసే మాటకి కొన్ని కీబోర్డులు చివర ఒక కనిపించని అక్షరం తగిలిస్తాయి. కంటికి రెండూ ఒకటే, షెల్‌కి వేరు. అందుకే పేరు మొత్తం టైప్ చేయకండి, మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి. పైగా యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాల్ని దాచే పద్ధతి) తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి విడివిడిగా 3 బైట్లు. "శ్రీకాకుళం" ఒక్కటే 30. ఫైల్ పేరుకి ఈఎక్స్‌టీ4 (ఉబుంటు మామూలుగా వాడే డిస్క్ ఫార్మాట్) ఇచ్చేది 255 బైట్లే. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, ఊరు, ఫంక్షన్ హాలు, తేదీ అన్నీ పేరులో కూరితే అది నిండడానికి ఎంతోసేపు పట్టదు.

"ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్" వస్తే అది కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) ఒక కమాండ్‌కి పెట్టిన హద్దు. గెట్‌కాన్ఫ్ ఆర్గ్_మ్యాక్స్ (ఈ రెండో మాట పెద్ద అక్షరాల్లో) కొడితే సాధారణంగా 2097152 బైట్లు చూపిస్తుంది. పైన చెప్పిన లూప్ ఒక్కో ఫైల్‌నే పంపుతుంది కాబట్టి దానికి ఆ బాధ లేదు.

కెమెరా కార్డులోంచి వచ్చినవి ఎక్కువగా పెద్ద అక్షరాల జేపీజీలే, చిన్న అక్షరాల *.జేపీజీకి అవి దొరకవు. రెండు రకాలూ లూప్‌లో రాయండి.

చివరిగా, గమ్యం ఫోల్డర్ పేరు తర్వాత స్లాష్ తప్పకుండా పెట్టండి. స్లాష్ లేకుండా, ఆ ఫోల్డర్ కూడా లేకపోతే, సీపీ అదే పేరుతో ఒక ఫైల్ చేసి, ప్రతి ఫోటోనీ దాని మీదే రాసుకుంటూ పోతుంది. ఎర్రర్ ఒక్కటీ రాదు, మిగిలేది ఆఖరి ఫోటో. స్లాష్ ఉంటే మొదటి ఫోటో దగ్గరే ఎర్రర్ ఇస్తుంది.